అప్పాయమ్మని సోఫాలో కూర్చోబెట్టిన రోజు

“సూది వేశాక పిల్లకి ఊపిరాడకపోతే?”

పోర్టు దగ్గర టీకాలు వేసే గదిలోకి అడుగుపెట్టగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. పేరైనా చెప్పుకోలేదు. బల్ల వెనకున్న నర్సు నన్నూ, నా భుజం మీద నిద్రపోతున్న మూడేళ్ల నూకినీ మార్చి మార్చి చూసింది.

“ఎందుకాడదండీ? ఏమైనా ఎలర్జీ ఉందా?”

“గుడ్డు పడదు. పది నెలలప్పుడు మొదటిసారి పెడితే పెదాలు వాచిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు.”

ఆవిడ తీసిన కాగితం మళ్లీ లోపల పెట్టేసింది. “అయితే మీ పిల్లల డాక్టరు ఏమంటారో కనుక్కుని రండి. ఇలా వేసేయలేం.”

ఎల్లో ఫీవర్ టీకాలో ఉండే వైరస్‌ని కోడిగుడ్లలో పెంచుతారు. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి, స్టీల్ ప్లాంట్ ల్యాబులో ఉద్యోగం. ఈ సంగతి తెలిసే వెళ్లాను. తెలిసినా, అక్కడివాళ్లు ఇంకేదైనా చెప్తారేమోనని ఆశ.

దసరా సెలవులకి కెన్యా వెళ్దామన్నది నా భార్య అనూరాధ. నేను అరకు అన్నాను. నూకి జిరాఫీ అంది. ఇద్దరాడవాళ్లు ఒకవైపయ్యాక నా అరకు అక్కడితో ముగిసింది. టిక్కెట్లు తీసుకున్న తర్వాత తెలిసింది అసలు గందరగోళం. ఇక్కణ్ణించి నేరుగా వెళ్లేవాళ్లని టీకా కాగితం కెన్యావాళ్లు అడగరని ఒకరన్నారు, అడుగుతారని ఇంకొకరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మనవాళ్లు అడుగుతారట. లేకపోతే కొన్నాళ్లు వేరే గదిలో ఉంచేస్తారట. పిల్లకి టీకా పడదని డాక్టరు ఉత్తరం ఉంటే చాలని ట్రావెల్స్ అతను చెప్పాడు. ఉత్తరం ఉన్నా ఉంచుతారని వాళ్ల ఆఫీసులోనే పక్క కుర్చీ అతను చెప్పాడు. మూడేళ్ల పిల్లని వేరే గదిలో ఉంచడమంటే ఏమిటో, తల్లిని రానిస్తారో లేదో ఎవరికీ తెలియదు.

పిల్లల డాక్టరు నెమ్మదస్తుడు. మొత్తం విని ఒకటే అడిగారు. “అప్పట్నించి ఎప్పుడైనా గుడ్డు తిందా? కేకు గానీ, బిస్కట్టు గానీ?”

“లేదండీ. ప్రతి ప్యాకెట్టూ వెనక్కి తిప్పి చదువుతాం.”

“చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ పోతుంది. మీ పాపకి పోయిందో లేదో చెప్పాలంటే ఎలర్జీ పరీక్షకి పంపాలి. ఆ స్పెషలిస్టు దగ్గర వరస చాలా ఉంది, మీ ప్రయాణంలోపు దొరకదు. పొరపాటునైనా తిని, ఏమీ కాకుండా ఉందంటే మాత్రం సంగతి వేరు. పగలు పాపని ఎవరు చూసుకుంటారు?”

“అప్పాయమ్మ అని, ఒకావిడ.”

“ఆవిడని అడగండి.”

అప్పాయమ్మది పెదజాలరిపేట. భర్త గురువులు ఇప్పటికీ వేటకి వెళ్తాడు. హార్బర్లో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని మద్దిలపాలెం వీధుల్లో అమ్మేది. నేనామెకి అలా పరిచయం. ప్రతి చేపకీ మొప్పలెత్తి, కన్ను నొక్కి, వాసన చూసి గానీ కొనేవాణ్ణి కాదు. ఒకరోజు గంప చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి ముందూ అనేసింది. “ఏటి బాబూ, సేపని కొంతన్నావా, పరీక్ష సేత్తన్నావా? పాసైనాదా, ఫెయిలైనాదా సెప్పు, ఎండలో నిలబడలేకపోతన్నాను.” వీధంతా నవ్వారు. నేను ఆ చేప కొనేశాను, రేటు కూడా అడక్కుండా.

తర్వాత మోకాళ్లు పట్టేశాయి. గంప దించిందంటే మళ్లీ ఎత్తుకోవడానికి ఎవరైనా చెయ్యివ్వాలి. ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద కూలబడి మంచినీళ్లు అడిగింది. లోపల నూకి ఏడుస్తోంది. అనూరాధ కాన్పు సెలవు అయిపోతోంది, పిల్లని ఎవరికి అప్పగించాలో తెలియక ఆమె కూడా ఏడుపు ముఖంతోనే ఉంది. అప్పాయమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, “ఇలా తే అమ్మా” అంది. చేపల వాసనకో, ఆ గొంతుకో గానీ నూకి టక్కున ఏడుపు ఆపింది. గంప ఆ వారమే తోడికోడలికి ఇచ్చేసి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది.

వచ్చిన దగ్గర్నుంచి ఆమె చోటు వంటింటి గుమ్మం పక్కన నేల. గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో నూకి. ఆ ఒళ్లోనే మాటలు నేర్చుకున్నందుకు మా అమ్మాయి “నాను”, “ఏటి” అంటుంది. అనూరాధ దిద్దబోతే, “నాకు రాదు, నాను రాదంటన్నాను గదా” అని ఎదురు తిరుగుతుంది. వాళ్లిద్దరికీ లోకమంతా సముద్రం వైపే ఉంటుంది. బీచ్‌కి తీసుకెళ్తే నూకి ఇసకలో ఆడదు, అలల దగ్గర నిలబడి ఏ పడవ ఎవరిదో చెప్తుంది. సగం తప్పు చెప్తుంది. అప్పాయమ్మ అవునంటుంది.

కెన్యా సంగతి చెప్పినప్పుడు ఆమె మొదట అడిగింది జంతువుల గురించి కాదు.

“సముద్రం దాటాలేటి?”

“విమానంలో పిన్నీ. పై నుంచి.”

“పై నుంచైనా గీత గీతే. మా ఆయనకి తెలిసే దాటాడేటి?”

గురువులు పడవ ఒకసారి ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి పక్క దేశం నీళ్లలోకి వెళ్లింది. అక్కడి నావికులు పట్టుకున్నారు. నెలల తరబడి జైల్లో ఉన్నాడు. ఆ నెలల్లో అప్పాయమ్మ కలెక్టరాఫీసు చుట్టూ, పార్టీ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే గంప మోసిందట. తిరిగొచ్చాక అతను ఎక్కువ మాట్లాడలేదు. “అన్నం బాగానే ఎట్టారు” అన్నాడట, అంతే. ఇప్పటికీ సాయంత్రాలు ఆమెని తీసుకెళ్లడానికి మోపెడ్ మీద వస్తాడు. గేటు బయటే నిలబడి హారన్ కొడతాడు గానీ లోపలికి రాడు.

పరాయి దేశం అంటే అప్పాయమ్మకి తెలిసింది అదొక్కటే కాబట్టి మా ప్రయాణానికి ఆమె ఏర్పాట్లు కూడా అలాగే ఉండేవి. ఫోన్లు లాక్కుంటారు, నంబర్లు నోటికి రావాలంది. అనూరాధ తన నంబరు తప్ప ఇంకేదీ చెప్పలేకపోయింది. నేను నా నంబరు కూడా తడబడ్డాను. నూకి మాత్రం గురువులు నంబరు పాటలా అప్పజెప్పింది. టీకా కాగితం గురించి కూడా చెప్పాను.

“పోయినప్పుడు అడక్కుండా, ఒచ్చినప్పుడు అడుగుతారా?”

“అంతే పిన్నీ.”

“అయితే సరిగ్గా మా ఆయన కతే. పోయినప్పుడు ఎవుడూ అడగలేదు.”

పెట్టెలు సర్దడం ఒక యుద్ధం. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. అప్పాయమ్మ తడి తగలకుండా ప్రతి వస్తువునీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ముడేసి పెట్టేది. నేను రాత్రి వచ్చి ముళ్లు విప్పేవాణ్ణి. పొద్దున్న చూసి మళ్లీ చుట్టేది. నీలం, నలుపు బట్టలకి అక్కడ ఒకరకం ఈగలు చేరతాయని చదివి నేను నూకి నీలం గౌన్లన్నీ పక్కకి తీశాను. మా ఇంట్లో నూకికి నీలంకాని గౌను దాదాపు లేదని అప్పుడు తెలిసింది. అక్కడి గోడల్లో చదరపు పిన్నుల ప్లగ్గు కావాలి. వన్ టౌన్ అంతా తిరిగి ఒకటి తెచ్చాను, అది మన గోడకీ పట్టలేదు, నా చార్జరుకీ పట్టలేదు. దోమలకి రాసే మందు, మలేరియా మాత్రలు, పిల్ల బరువుని బట్టి ఎంత వేయాలి, విరిచి వేస్తే సరిగ్గా సగమవుతుందా, ల్యాబులో తూకం వేసి తేవాలా. చదివేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. ఇవన్నీ ఎలాగో తేలతాయి, గుడ్డు ఒక్కటే తేలేది కాదు. నూకికి టీకా పడకపోతే ప్రయాణం లేదు. ఆమెని వదిలి మేమిద్దరం వెళ్లే మాటే లేదు.

డాక్టరు చెప్పిన సాయంత్రమే అప్పాయమ్మని అడిగాం. పెద్ద విషయం కదా అని పద్ధతిగా అడగాలనుకున్నాం. నూకిని పక్క గదిలో ఆడుకోమన్నాం. అప్పాయమ్మని సోఫాలో కూర్చోమన్నాం.

“ఇక్కడ బాగుంది బాబూ” అంది గుమ్మం దగ్గర్నుంచి.

“లేదు పిన్నీ, రా. కూర్చో.”

అంచు మీద కూర్చుంది. అనూరాధ టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది, చుట్టాలకిచ్చే కప్పులో. నేను ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. డాక్టరుకి సరిగ్గా చెప్పాలని చేతిలో పెన్ను పట్టుకున్నాను.

“పిన్నీ, నిజం చెప్పు. నూకికి ఎప్పుడైనా గుడ్డు పెట్టావా? కొంచెమైనా? పొరపాటునైనా?”

“ఏటీ తెల్దు బాబూ.”

“తెల్దంటే పెట్టలేదనా?”

“నాకేటీ తెల్దు.”

“కేకు ముక్క లాంటిది ఎవరైనా పెట్టారా పిన్నీ?” అంది అనూరాధ.

“నానేటీ సూడ్లేదమ్మా.”

టీ చల్లారిపోయింది. ఆమె కప్పు ముట్టుకోలేదు. బయట హారన్ వినపడగానే లేచి వెళ్లిపోయింది. నేను “తినలేదు” అని రాసుకున్నాను. ఆమె అన్నది అది కాదని అప్పుడు నాకు తోచలేదు.

అక్కణ్ణుంచి వారమంతా ఏమీ తేలలేదు. స్పెషలిస్టు తేదీ నిజంగానే మా విమానం తేదీ తర్వాతే వచ్చింది. అనూరాధ బ్యాంకులో సెలవు వెనక్కి తీసుకుంటానంటుంది, మళ్లీ ఆగుతానంటుంది. నేను ఆగుదామంటాను, మళ్లీ మానేద్దామంటాను. పెట్టె మంచం కింద నుంచి బయటికీ, బయటి నుంచి కిందకీ తిరుగుతోంది. “జిరాఫీకి నానొత్తన్నానని తెలుసా?” అని నూకి రోజూ అడిగేది.

ఆదివారం అప్పాయమ్మ రావక్కర్లేదు. కానీ గురువులు వలకి నెత్తళ్లు బాగా పడ్డాయని, తాజాగా ఉండగానే ఇచ్చి వెళ్దామని వచ్చింది. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని తలలు గిల్లి, పొట్టలు తీస్తోంది. నేను పక్కన నిలబడ్డాను.

“ఊరికే నిలబడి సూస్తావేటి? సెయ్యెయ్యి. మొప్పలు పరీక్ష సెయ్యక్కర్లేదులే, మా ఇంటియే.”

కూర్చున్నాను. వేలెడు చేప. తల గిల్లి లాగితే పేగు కూడా దానితోపాటే వచ్చేయాలి. నాకు సగంలోనే తెగిపోతోంది. ఆమె తల తిప్పకుండానే, “గోరుతో కాదు, ఏలితో” అంది. కాసేపటికి కుదిరింది. ఇద్దరం మాట్లాడకుండా గిల్లుతున్నాం. బేసిన్‌లో నీళ్లు వెండిరంగుకి తిరిగాయి.

“ప్రయాణం మానేస్తున్నాం పిన్నీ.” చేపలకి చెప్పినట్టే చెప్పాను.

“ఎందుకు?”

“టీకా వేయించాలంటే పిల్లకి గుడ్డు పడాలి. పడుతుందో లేదో తెలియట్లేదు.”

ఆమె చేతులు ఆగలేదు. ఒక చేప, ఇంకో చేప.

“పడతాది.”

“ఏంటి?”

“గుడ్డు. మన నూకి గుంటకి పడతాది. తింతంది గదా.”

నేను లేచి నిలబడ్డాను. చేతుల నిండా పొలుసు. గుండెల మీద నుంచి ఏదో దిగిపోయింది, అదే క్షణంలో తలకి వేడెక్కింది.

“ఎప్పట్నించి?”

“వానల కాడ్నించి. కూకో, సెప్తాను. కూకో బాబూ.” కూర్చున్నాను. “నా కేరేజీలో గుడ్డు పులుసు. నాను సెయ్యి కడుక్కోడానికెల్తే గుంట మూత తీసీసినాది. ఒచ్చీసరికి సగం గుడ్డు నోట్లో. ఓలమ్మో, నా పేణం పోనాది. నోట్లో ఏలెట్టి కక్కిద్దారంటే మింగీసినాది. ఆ మద్దేనమంతా దాని మొకమే సూత్తా కూకున్నాను. ముక్కు కాడ ఏలెట్టి గాలొత్తందా లేదా అని. ఏటీ కానేదు. మర్నాడు మళ్లీ అడిగినాది. కారం కడిగి సిన్న ముక్కెట్టాను. ఆ మీద ఇంక ఆగినేదు.”

“వాచిపోతే ఏం చేసేదానివి? ఊపిరాడకపోతే? మాకు ఫోన్ చెయ్యాలి కదా! ఆ నిమిషంలోనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి కదా!” నా గొంతు పెరిగింది. “చచ్చిపోయేది పిన్నీ!”

“తప్పే బాబూ.” అప్పుడు ఆగాయి ఆమె చేతులు. “సెప్తే గుంటని నా సేతికియ్యరని భయమేసినాది. అది తప్పు కాదని నానటంలేదు.”

“మరి మొన్న అడిగితే? అప్పుడైనా చెప్పొచ్చు కదా! తెలీదన్నావు!”

ఆమె నా వైపు వింతగా చూసింది, నాకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

“సోఫాలో కూకోబెట్టితివి. ముందర టీ ఎట్టితివి. పెన్నట్టుకుని ఎదర కూకుంటివి. మా ఆయన్నీ అక్కడ అలగే కుర్సీలో కూకోబెట్టి, టీ ఇచ్చి అడిగారంట. అలగే దొరికొచ్చిన పెద్ద పడవోళ్లు ముందే సెప్పీసినారు, టీ ఇత్తే తాగొద్దు, ఏటడిగినా ఏటీ తెల్దని సెప్పు, ఇంటికెల్తావు అని. తెల్దన్నాడు, ఇంటికొచ్చీసినాడు. అప్పట్నించి మా ఇంట్లో అందరికీ అదే మాట. పోలీసోడొచ్చినా, ఓట్లోల్లొచ్చినా, కూకోమని అడిగితే ఏటీ తెల్దు.”

నేను ఇంకో నెత్తల్లి తీసుకుని తల గిల్లాను. పేగు మధ్యలోనే తెగిపోయింది.

అనూరాధకి చెప్తే ముందు నవ్వింది. తర్వాత నూకిని గట్టిగా పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. మధ్యాహ్నం దాకా పెరటి వైపే రాలేదు. రేపట్నించి పిల్లని ఈమెకి అప్పగించాలా వద్దా అని మేమిద్దరం గుసగుసలాడుకున్నాం. అప్పగించాలనీ అనిపిస్తోంది, వద్దనీ అనిపిస్తోంది. ప్రాణాపాయం తెలిసి దాచిందన్నది నిజం. ముక్కు దగ్గర వేలు పెట్టుకుని పూటంతా కూర్చున్నదీ నిజం. ఈ రెండింటినీ ఒకే మనిషిలో ఎలా కలపాలో మాకు తెలియలేదు. చివరికి అనూరాధే బయటికొచ్చి కుళాయి దగ్గర నిలబడింది.

“ఇంకేం పెట్టావు పిన్నీ దానికి?”

“రొయ్యలెట్టనేదమ్మా. అయి మీరు పడవని సెప్పలేదు గానీ, నాకే భయం.”

డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ నిలబెట్టి తిట్టారు. ఏమీ కాకపోవడం అదృష్టమన్నారు, ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు ఇంకెప్పుడూ చేయొద్దన్నారు. అన్ని వారాలుగా తింటోందంటే ఎలర్జీ పోయి ఉండొచ్చని, తన ఎదుటే ఉడికించిన గుడ్డు చిన్న ముక్కతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెట్టించారు. మందులు, సూదులు పక్కన సిద్ధంగా ఉన్నాయి. నేను నూకి పెదాల మీంచి చూపు తిప్పలేదు. నూకి మాత్రం తెల్లసొన వదిలేసి పచ్చసొన ఇంకా కావాలంది. ఎక్కడ నేర్చుకుందో అందరికీ తెలుసు.

టీకా వేయొచ్చని డాక్టరిచ్చిన ఉత్తరం పట్టుకుని మళ్లీ టీకా గదికి వెళ్లాం. ఈసారి అప్పాయమ్మ కూడా వచ్చింది గానీ, సూదంటే తనకే భయమని బయట బెంచీ దగ్గరే ఆగిపోయింది. సూది పడ్డాక కాసేపు అక్కడే ఉండమన్నారు. నూకి ఏడుపు ఆపి ఆమె ఒళ్లోకి ఎక్కేసింది. నేను ప్రతి నిమిషం వంగి పిల్ల ముఖం చూస్తున్నాను.

“ఎందుకలా సూత్తావు? గుంట బెదిరిపోతంది” అంది అప్పాయమ్మ.

“పిన్నీ, ఒక మాట. ఇకమీదట నూకి ఏం తిన్నా, ఏం జరిగినా, మంచైనా చెడైనా మాకు చెప్పాలి. చెప్తే ఏమీ అనం. చెప్పకపోతే మాత్రం నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాను.”

“సెప్తాను. గంగమ్మ తోడు.” నూకి జుట్టు సరిచేసింది. “నువ్వు కూడా ఒకటి నేర్సుకో బాబూ.”

కెన్యాకి పెట్టెలు రేపు తూకం వేయాలి. నిన్న అనూరాధ ముభావంగా కనిపిస్తే ఏమైందని అడగలేదు. ఆమె పక్కన కూర్చుని నేనూ సాక్సులు జతలు కట్టడం మొదలుపెట్టాను. నాలుగో జతకి తనే చెప్పింది, విమానంలో నూకి చెవులు నొప్పెడతాయేమోనని వారం నుంచి భయపడుతోందట. నాకూ అదే భయం, చెప్పలేదంతే. నూకిని ఏదైనా అడగాలన్నా ఇప్పుడు నేను ముందు ఒక పని వెతుక్కుంటున్నాను. టీకా గది బయట బెంచీ మీద అప్పాయమ్మ నాతో అన్న మాట ఇది.

“నిజం కావాలంటే మనిషిని ఎదర కూకోబెట్టి అడక్కు. ఆళ్ల సేతిలో ఏదో పనుంటాది, నువ్వూ పక్కన కూకుని అదే పని సెయ్యి. మొకం సూడకు. అడగాలనుకున్నది ఎంటనే అడక్కు. సేతులు కలిసినాక ఆళ్లే సెప్తారు.”